క్యానిస్టర్ ఫిల్టర్ కడగడం: ధార చెప్పిందే లెక్క

అక్వేరియం నీళ్లను శుభ్రం చేయడానికి కింద స్టాండులో పెట్టే మూసిన డబ్బా, అదే క్యానిస్టర్ ఫిల్టర్‌ని ఎన్నాళ్లకోసారి కడగాలి? ఒక షాపులో నెలకోసారి అంటారు, పక్క షాపులో ఆరు నెలలదాకా మూత తియ్యొద్దంటారు. మన ట్యాంకులో ఏ చేపలున్నాయో, రోజుకు ఎంత మేత పడుతుందో తెలియకుండా చెప్పే గడువులు ఇవి. నేను తేదీ పెట్టుకోను. పైపులోంచి ట్యాంకులోకి పడే ధార ఎంత సన్నబడిందో చూస్తాను.

మాది విజయవాడ. హాల్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు. అంచుదాకా నింపితే 250 లీటర్ల పైచిలుకు పడుతుంది. అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ పోను 220 అనుకోండి. ఉన్నవి గోల్డ్ ఫిష్‌లు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ వీటికి పొట్టలో జీర్ణాశయం అనేదే ఉండదు. తిన్నది నేరుగా పేగుల్లోకి పోయి తొందరగా బయటికొచ్చేస్తుంది. మనిషి కనిపిస్తే చాలు అద్దం దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తాయి. మా అత్తయ్యేమో "పాపం ఆకలిగా ఉన్నట్టున్నాయమ్మా" అంటూ ఇంకో చిటికెడు వేస్తారు. ఆ చిటికెడంతా చివరికి చేరేది కింద స్టాండులో ఉన్న డబ్బాలోకే. నాలుగు చిన్న టెట్రాలున్న ట్యాంకుకీ, ఈ తిండిపోతుల ట్యాంకుకీ ఒకే గడువు ఎలా సరిపోతుంది?

ధార కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రెండు లీటర్ల గుర్తున్న ప్లాస్టిక్ జగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. నీళ్లు బయటికొచ్చే పైపు చివరను నీటిమట్టానికి కాస్త పైకెత్తి, జగ్గును దాని కింద పట్టుకుని, రెండు లీటర్లు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. జగ్గు ట్యాంకు అంచు దగ్గరే ఉండాలి. పైపును కిందికి దించి నేలమీది బకెట్‌లో పెట్టి కొలిస్తే, ఎత్తు ఎక్కించే శ్రమ మోటారుకు ఉండదు కాబట్టి ధార ఉన్నదానికంటే జోరుగా కనిపిస్తుంది.

మా ఫిల్టర్ మీద గంటకు 1000 లీటర్లని రాసి ఉంటుంది. అది లోపల స్పాంజి ముక్క కూడా లేకుండా, పైకి ఎక్కించకుండా వేసిన లెక్క. శుభ్రంగా కడిగి బిగించిన రోజున మా జగ్గు పది సెకన్లలో నిండుతుంది. అంటే గంటకు 720 లీటర్లు. పదహారు సెకన్లకు వచ్చిందంటే 450కి పడిపోయినట్టు. అక్కడికి వచ్చాక ఇక ఆగను. మీ ఫిల్టర్‌కి అంకెలు వేరేగా ఉంటాయి. కడిగిన రోజు ఎన్ని సెకన్లు పట్టిందో స్టాండు తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత తీసే ప్రతి కొలతనీ దానితోనే పోల్చాలి.

ధార తగ్గగానే డబ్బా విప్పెయ్యకండి. ముందు ట్యాంకులో నీళ్లు లాగే పైపు చివరనున్న జల్లెడ చూడండి. ఒక్క ఆకు అడ్డం పడ్డా ధార చచ్చిపోతుంది. ఆ జల్లెడకు బయటనుంచి ఒక గరుకు స్పాంజి తొడిగితే మడ్డిలో చాలాభాగం అక్కడే ఆగుతుంది. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు దాన్ని తీసి బకెట్‌లో పిండి మళ్లీ తొడగడమే. క్యానిస్టర్ కొన్నవాళ్లు దానికి పెట్టాల్సిన మొదటి ఖర్చు ఇదేనంటాను. గప్పీలు, మాలీలు పెంచేవాళ్లకైతే ఇది లేకపోతే చేపపిల్లలన్నీ డబ్బాలోకే.

విప్పే ముందు లోపల ఏం జరుగుతోందో రెండు ముక్కలు. స్పాంజీలు మడ్డిని పట్టుకుంటాయి. సన్న రంధ్రాలుండే సిరామిక్ రింగుల మీద కాపురముండే బ్యాక్టీరియా, చేపలు వదిలే అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది అంత ప్రమాదం కాదు, వారంవారం కొంత నీరు మారుస్తుంటే అదుపులో ఉంటుంది. కాబట్టి మడ్డి పోవాలి, బ్యాక్టీరియా మిగలాలి. కొత్తదానిలా తెల్లగా మెరిసేలా తోమేస్తే ఫిల్టర్ అందంగానే ఉంటుంది, చేపలే ఉండవు. మాలాగా బోరు నీళ్లు కలిసే ఇళ్లలో ఇంకా జాగ్రత్త కావాలి. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే అదే అమోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్లు వేడెక్కినా పెరుగుతుంది. మన ఎండాకాలంలో ఈ రెండూ ఒకేసారి వస్తాయి.

విప్పడం, కడగడం

ముందుగా ట్యాంకులోంచి ఒక బకెట్ నిండా నీళ్లు తీసి పక్కన పెట్టుకోండి. కడగడమంతా ఆ నీళ్లతోనే. ఆ బకెట్ చేపలకే కేటాయించాలి, సర్ఫ్‌లో బట్టలు నానబెట్టింది పనికిరాదు. మా ఇంట్లో ఎర్ర బకెట్‌ని పనమ్మాయి కూడా ముట్టుకోదు.

ట్యాంకు నీళ్లే ఎందుకంటే, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం మన కుళాయి దగ్గరికి వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది వేసేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. మాకొచ్చే మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు మనకి మంచివే, రింగుల మీది బ్యాక్టీరియాకి కాదు.

మోటారు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకాలి. ట్యాంకులో హీటర్ ఉంటే దాన్ని కూడా. తర్వాత డబ్బా మీదున్న రెండు వాల్వులూ మూసి, పైపులున్న జాయింటును మొత్తంగా ఊడదీయండి. కొద్దిగా నీళ్లు కారతాయి, పాత తువ్వాలు సిద్ధంగా పెట్టుకోండి. డబ్బా నిండా నీళ్లుంటాయి కాబట్టి బరువుగా ఉంటుంది. మూత పట్టుకుని ఎత్తొద్దు, అడుగున చెయ్యి వేసి ఎత్తి బాత్రూమ్‌లోకి తీసుకెళ్లండి. క్లిప్పులు అన్నీ తీశాక మూత రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ప్లాస్టిక్ అంచు ఒకచోట చిట్లితే ఆ డబ్బా ఇక జన్మలో లీకవకుండా ఉండదు. చాలా మోడళ్లలో క్లిప్పుల్నే కిందికి నొక్కితే మూత దానంతటదే లేస్తుంది.

బుట్టలు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకుని అప్పుడు బయటికి తీయండి. ఎక్కువ డబ్బాల్లో నీళ్లు కిందికి దిగి, అక్కడినుంచి బుట్టల్లోంచి పైకి ఎక్కుతాయి. కాబట్టి అన్నిటికంటే అడుగున గరుకు స్పాంజి, దానిపైన సన్న స్పాంజి, ఆపైన రింగులు, చిట్టచివర పైన దూది. రింగులు అడుగున వేస్తే వాటి రంధ్రాలన్నీ మడ్డితో పూడిపోయి మామూలు రాళ్లయిపోతాయి. షాపువాళ్లు బిగించి ఇచ్చిన వరుసే సరైనదని అనుకోకండి, ఒకసారి సరిచూసుకోండి.

గరుకు స్పాంజిని ఎర్ర బకెట్‌లో ముంచి పిండండి, వదలండి, మళ్లీ పిండండి. నీళ్లు నల్లగా దిగుతాయి. ఆ నీళ్లు పక్కన పోసిపెట్టి ఇంకో రెండుసార్లు. అంతే. నీళ్లు తేటగా వచ్చేదాకా పిండాలన్న పంతం వద్దు. రింగులున్న బుట్టనైతే ట్యాంకు నీళ్లలో నాలుగుసార్లు మెల్లగా ముంచి ఎత్తితే చాలు, విడిగా తీసి రుద్దే పనిలేదు. స్పాంజీలు పిండిన రోజున నేను రింగుల్ని అసలు ముట్టుకోను. వాటి వంతు తర్వాతిసారి.

పైనుండే దూదిని మాత్రం కడగక్కర్లేదు, పారెయ్యండి. అక్వేరియం షాపులో చిన్న ప్యాకెట్టుకు తీసుకునే డబ్బులతో దిండ్లు కుట్టే షాపులో బోలెడంత పాలిస్టర్ దూది వస్తుంది. రంగు, వాసన, మంట అంటుకోకుండా వేసే మందు ఏవీ లేని మామూలు తెల్లదే తీసుకోవాలి. ఫిల్టర్‌లో బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) వేసేవాళ్లు దాన్ని కొన్ని వారాలకోసారి మార్చాలి, చేపలకు మందు వేస్తున్నప్పుడు తీసెయ్యాలి. లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది. నేనైతే ఊరికే బొగ్గు వాడను. నీళ్లు పసుపురంగుకి మారడమో, మందు వేసిన తర్వాత దాన్ని తొలగించాల్సి రావడమో ఉంటేనే.

నల్లటి నీళ్లు కాలవలో పొయ్యకండి. మా ఇంట్లో అయితే పొయ్యనివ్వరు కూడా. డబ్బా విప్పిన వాసన రాగానే అత్తయ్య చెంబు పట్టుకుని బాత్రూమ్ దగ్గరికి వచ్చేస్తారు. బాల్కనీలో కరివేపాకు, మందార కుండీలకు ఆ నీళ్లే ఎరువు. ట్యాంకులో ఉప్పో మందో వేసి ఉన్నప్పుడు మాత్రం కుండీలకు పొయ్యనివ్వను.

ఇంపెల్లర్

చాలామంది స్పాంజీలు కడిగి మూత పెట్టేస్తారు. ధార మాత్రం పూర్తిగా వెనక్కి రాదు. ఎందుకంటే నీళ్లను తోసేది స్పాంజి కాదు. మోటారున్న మూతను తిరగేసి చూడండి. మధ్యలో గుండ్రటి చిన్న మూత ఉంటుంది, పక్కకు కొంచెం తిప్పితే వస్తుంది. కింద కనిపించే రెక్కల ముక్కే ఇంపెల్లర్. రెక్కలు పట్టుకుని నిటారుగా పైకి లాగండి. అయస్కాంతం పట్టుకుని ఉంటుంది కాబట్టి మొదట బిగుతుగా అనిపిస్తుంది. వంకరగా లాగితే లోపలి షాఫ్ట్ పుటుక్కున విరుగుతుంది. చాలా ఫిల్టర్లలో అది సిరామిక్‌ది, అగ్గిపుల్లంత సన్నం. షాఫ్ట్ చివర్లకు చిన్న రబ్బరు టోపీలుంటాయి. వాటిలో ఒకటి గుంటలోనే ఉండిపోతుంది, లేదా మీ చేతికి అంటుకుని వచ్చి బాత్రూమ్ జాలీలోంచి జారిపోతుంది. అందుకే ఈ పని మాత్రం ఒక పళ్లెంలో పెట్టుకుని చెయ్యండి.

అయస్కాంతం చుట్టూ బెండకాయ జిగురులాంటి గోధుమరంగు పొర కట్టి ఉంటుంది. వేలితో తుడిస్తే వచ్చేస్తుంది. ఇంపెల్లర్ కూర్చునే గుంటలో కూడా అదే పొర ఉంటుంది, అక్కడికి వేలు పట్టదు. చెవిలో పెట్టుకునే బడ్స్ తీసుకుని గోడలు చుట్టూ తుడవండి. తెల్ల దూది మొదట నల్లగా, రెండోది గోధుమగా, మూడోది దాదాపు తెల్లగా వస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో షాఫ్ట్ మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. గోరుతో గీకితే రాదు. నిమ్మ ఉప్పు ఒక చెంచా గ్లాసు నీళ్లలో కలిపి, షాఫ్ట్‌నీ ఇంపెల్లర్‌నీ అరగంట నానబెట్టండి. వెనిగర్ ఉన్నా సరే. పొర బుడగలు వేస్తూ కరుగుతుంది. తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. ఇక్కడ మనం కాపాడుకోవాల్సిన బ్యాక్టీరియా ఏమీ లేదు కాబట్టి కుళాయి నీళ్లయినా ఫర్వాలేదు.

రెక్కలను వేలితో తిప్పి చూస్తే చాలా మోడళ్లలో అయస్కాంతంతో సంబంధం లేకుండా కొంతదూరం వదులుగా తిరుగుతాయి. విరిగిందని కంగారుపడొద్దు, మోటారు సులువుగా స్టార్టవడానికి అలా చేస్తారు. రెక్క చిట్లినా, షాఫ్ట్ మీద గాడి పడినా అప్పుడు మార్చాలి.

మూత బిగించడం

మూత చుట్టూ ఉండే రబ్బరు రింగును ఊడదీసి, అది కూర్చునే గాడిని గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు చాలు, రాత్రంతా చుక్కచుక్కా కారుతుంది. రింగును వేళ్లమధ్య సాగదీయకుండా వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే కొత్తది వెయ్యాలి. బాగుంటే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజలీన్, కొబ్బరి నూనె వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు ఒకటి కొంటే ఏళ్లపాటు వస్తుంది.

బుట్టలు పెట్టాక డబ్బాని ట్యాంకు నీళ్లతో ముప్పావు వంతు నింపి మూత పెట్టండి. ఎదురెదురుగా ఉన్న క్లిప్పులు జంటగా నొక్కండి, ఒక పక్కే వరుసగా నొక్కితే మూత వాలిపోయి రింగు నలుగుతుంది. పైపుల జాయింటు బిగించి, ముందు నీళ్లు వచ్చే వాల్వు, తర్వాత పోయే వాల్వు తెరవండి. నీళ్లు దిగుతూ గాలిని పైకి నెడుతుంటే బుడబుడమని చప్పుడు వస్తుంది. అది ఆగేదాకా ప్లగ్గు పెట్టొద్దు. మోటారు వేశాక డబ్బాని నాలుగువైపులా కాస్త వంచి ఊపితే ఇరుక్కున్న గాలి కూడా పోతుంది. కాసేపు గరగరలాడటం మామూలే. గంట గడిచినా టకటకమంటుంటే ఇంపెల్లర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ఇసుక పడింది. గుయ్యిమని మోత వస్తూ నీళ్లు రాకపోతే వెంటనే ప్లగ్గు పీకండి, ఇంపెల్లర్ పట్టేసింది.

చేపలు కొట్టుకుపోతున్నాయని ధార తగ్గించాలనిపిస్తే బయటికిపోయే వాల్వునే తిప్పాలి. నీళ్లు వచ్చేవైపు బిగిస్తే మోటారు నీళ్లకోసం లాగుతూ గాలి పీలుస్తుంది.

ఆ రాత్రి డబ్బా కింద ఒక పొడి న్యూస్‌పేపర్ పరవండి. నేల మీద కనిపించని చుక్క కాగితం మీద పొద్దున్నే కనిపిస్తుంది. కరెంటు వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా ఉంచండి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపులోనే రాలిపోతాయి, సాకెట్‌లోకి పోవు. ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా అక్వేరియం పెట్టొద్దనేది నా మాట.

కడిగిన రోజు మేత సగానికి తగ్గించండి. రెండో రోజు, మూడో రోజు టెస్ట్ కిట్‌తో నీళ్లలో అమోనియా ఎంతుందో చూడండి. సున్నా చూపిస్తే మీ చెయ్యి సరిగ్గానే పడింది. ఏమాత్రం రంగు మారినా, క్లోరిన్ పోయిన నీళ్లతో పావు వంతు మార్చి, ఇంకో రెండు రోజులు మేత ఆపండి. గోల్డ్ ఫిష్ పస్తుంటే ఏమీ కాదు. ఏడాదికి రెండుసార్లు పైపుల లోపల కూడా పొడవాటి స్ప్రింగ్ బ్రష్ తోయండి, ఊడిపడే పాకుడు చూస్తే మీకే నమ్మబుద్ధి కాదు.

కరెంటు పోతే

మన ఊళ్లలో క్యానిస్టర్‌కి అసలు పరీక్ష ఇదే. ట్యాంకు అంచుకు వేలాడే ఫిల్టర్ ఆగినా దానికి గాలి తగులుతుంది. క్యానిస్టర్ మూసిన డబ్బా. నీళ్లు కదలడం ఆగగానే లోపలున్న ఆక్సిజన్‌ని బ్యాక్టీరియా, కుళ్లే మడ్డి కలిసి వాడేస్తాయి. పైగా వేసవిలో నీళ్లలోనే ఆక్సిజన్ తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే 30 దగ్గర ఏడున్నరకి మించి కరగదు. డబ్బాలో మడ్డి ఎంత ఎక్కువుంటే లోపలి నీళ్లు అంత తొందరగా పాడవుతాయి. అందుకే మార్చి చివర్లో, ధార కాస్త బాగానే ఉన్నా సరే, మడ్డి పట్టిన స్పాంజీలు ఒకసారి పిండేస్తాను.

గంటో రెండు గంటలో కరెంటు పోతే ఏమీ చెయ్యక్కర్లేదు. అంతకు మించేలా ఉంటే ముందు ప్లగ్గు పీకేయండి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు వచ్చి, మీరు నిద్రలో ఉండగా కుళ్లిన నీళ్లన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి వెళ్తాయి. కరెంటు వచ్చాక డబ్బా విప్పి వాసన చూడండి. మురిగిన గుడ్ల వాసన వస్తే లోపలి నీళ్లు మొత్తం పారబోసి, ట్యాంకు నీళ్లతో బుట్టల్ని ఒకసారి ముంచి తీసి, కొత్తగా నింపి మొదలుపెట్టాలి. ఈలోపు చేపల కోసం చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తునుంచి మళ్లీ పోస్తుండండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఉంటే ఇంకా హాయి.

మాకు ఇన్వర్టర్ ఉంది. మా ఫిల్టర్ తినేది 20 వాట్లు, ఒక చిన్న బల్బుతో సమానం, కాబట్టి ఫ్యానుకంటే ముందు దాన్నే ఇన్వర్టర్ లైనుకి కలిపించాను. మా ఆయన మొదట గొణిగారు గానీ ఇప్పుడు మాట్లాడరు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ మోటార్లు గీపెట్టి వేడెక్కుతాయి, ప్యూర్ సైన్ వేవ్ అయితేనే పెట్టండి.

ఊరెళ్లాల్సి వస్తే బయల్దేరే రోజు పొద్దున్న హడావుడిగా ఫిల్టర్ కడగొద్దు. రింగు సరిగ్గా కూర్చోకపోతే చూసేవాళ్లుండరు. కనీసం వారం ముందే కడిగి, లీకు లేదని చూసుకోవాలి.

ఒక ఇంపెల్లర్ షాఫ్ట్‌తో సహా, ఒక మూత రింగు ఇంట్లో ఎప్పుడూ స్పేర్ ఉంచుకోండి. ఫిల్టర్ కొన్న రోజే తెప్పించడం మేలు, రెండేళ్లు పోయాక ఆ మోడల్ సామాను దొరక్కపోవచ్చు. ఆర్డరు పెట్టేముందు మోటారు మీదున్న స్టిక్కర్ ఫోటో తీసి పంపండి. ఒకే కంపెనీ డబ్బాలు బయటికి ఒకేలా ఉన్నా, మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం తేడాతో షాఫ్ట్ పొడవు మారిపోవచ్చు.